పాదం పంపిన కబురు

వల్పరైసోలో చదునైన వీధి కావాలంటే
సముద్రం పక్కకు రావాలి.
పొలాంకో కొండ మీది ఇంటి నుంచి
రెండు వందల పదకొండు మెట్లు దిగి వచ్చింది రాయెన్.
లెక్క తనే చెప్పింది.
పద్నాలుగేళ్లు. చొక్కా కింద గట్టి ప్లాస్టిక్ కవచం.
పట్టీలు ఊడదీస్తుంటే
వానకు ఉబ్బిన తలుపు తెరిచినట్టు చప్పుడు.

ఫిల్ము మీద వెన్నెముక
ఒకసారి సముద్రం వైపు, ఒకసారి కొండ వైపు
ఒరిగి ఉంది.
మూలన ముప్పై ఒక్క డిగ్రీలని రాసి ఉంది.
వంక పెట్టడానికి అందరికీ నోరుంది:
యూనిఫాం కుట్టే ఆవిడకి, ఆటల మాస్టారికి,
బట్టల కొట్లో మూడు ముఖాల అద్దానికి.
"నిటారుగా నిలబడు" అంటారట.
"నేను నిలబడిందే నిటారనుకుంటున్నా" అంది నాతో
తప్పు ఒప్పుకుంటున్నట్టు.

తప్పెక్కడిది తల్లీ,
పన్నెండేళ్లుగా ఈ గదిలో నేను కొలుస్తున్నది
ఆ అనుకోవడాన్నే.

చీలమండ వెనక రెండు బిళ్లలు అంటించాను,
జుట్టు పాయ తీసి నెత్తి మీద జిగురుతో ఇంకో రెండు.
మీట నొక్కితే బొటనవేలు ఉలిక్కిపడుతుంది.
టిక్. టిక్.
ఐదు వందల సార్లు ఒకే కబురు
పిక్క దాటి, తొడ దాటి,
వంపు తిరిగిన పూసల లోపలి ఇరుకు సందులోంచి
మెదడు గుమ్మం దాకా.
"ఇక్కడ నేనున్నాను" అని, అంతే.
పాదం ఇంకేం చెబుతుంది?

కుడికాలి కబురు ముప్పై ఎనిమిది మిల్లీసెకన్లకు చేరింది.
ఎడమది నలభై రెండు.
నాలుగే తేడా.
రెప్పపాటులో ఇరవయ్యో వంతు కూడా కాదు.

వెన్ను వంగడం వల్ల కబురు ఆలస్యమైందో,
కబురు ఆలస్యమై వెన్ను వంగిందో
డాక్టర్ ఒయార్సున్ కూడా పెన్ను మూత తీసి
మళ్లీ పెట్టేసింది.
రాయెనే అందుకుంది:
"మా అన్న గ్యాస్ బండలు మోస్తాడు.
వాడూ అంతే, ఎప్పుడూ ఆలస్యం.
సోమరి కాదు. దారి అలాంటిది."

తర్వాత పలక పరీక్ష.
మెత్తటి స్పాంజి మీద వట్టి కాళ్లు,
చేతులు పక్కలకి, కళ్లు మూసి, ముప్పై సెకన్లు.
తెర మీద ఆకుపచ్చ దారం
చిక్కుపడుతూ సాగుతోంది.
ఆమె పడిపోదు, కానీ ప్రతి క్షణం
పడకుండా ఉండటమనే పని చేస్తోంది.
కాలివేళ్లు స్పాంజిని పట్టుకుంటున్నాయి,
వదిలేస్తున్నాయి.

పద్దెనిమిదో సెకనులో
"ఇది నేను కాదు" అంది.

నాకేమీ తెలియలేదు.
ఆ తర్వాత కిటికీ అద్దం గలగలలాడింది,
బల్ల మీది టీ కప్పు జరిగింది,
దారం తెర అంచు దాటి పోయింది.
ఈ ఊరికి ఇది అలవాటే,
చిన్న వణుకు, లేచి నిలబడేలోపు అయిపోతుంది.
నేను గుమ్మం పట్టుకున్నాను.
ఆమె స్పాంజి మీదే ఉంది,
కళ్లు ఇంకా మూసుకునే.
"ముప్పై అయ్యాయా?"

ఎలా కనిపెట్టావని అడిగాను.
"నా ఊగుడు నాకు తెలుసు కదా" అంది
చెమట పట్టిన అరచేతులు లంగాకి తుడుచుకుంటూ.

ఇలాంటి రికార్డు పనికిరాదు, చెరిపేయాలి, అది నియమం.
ఇంకోటి తీశాను. మొదటిది చెరపలేదు.
పక్కన "నేల కదిలింది" అని రాసి
ఫైల్లో పెట్టాను.

కవచం మళ్లీ తొడిగాను.
పెన్నుతో గీసిన గుర్తు దాకా పట్టీ లాగమంది,
ఇంకొంచెం, ఇంకొంచెం,
ఊపిరి బిగబట్టి.
కొండ లిఫ్టు ఆపేశారట, తనిఖీ చేస్తున్నారట.
మెట్లే దిక్కు.
"కళ్లు మూసుకుని ఎక్కగలను, చూస్తారా?"
వద్దన్నాను, కాస్త గట్టిగానే.

కిటికీలోంచి చూస్తే
తుప్పు పట్టిన రెయిలింగు మీద
ఒక్క వేలు ఆనించి ఎక్కుతోంది.
ఎడమ బూటు మడమ బయటివైపు అరిగిపోయి ఉంది.
ఆ సంగతి ఏ కాగితంలోనూ రాయలేదు నేను.